మాత్ర వేళ తప్పితే: పార్కిన్సన్స్‌తో నా అనుభవం

నాకు అరవై నాలుగేళ్లు. కాకినాడలో ఉంటాం. పోస్టాఫీసు కౌంటరులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి 2021లో రిటైరయ్యాను. పార్కిన్సన్స్ అని, అంటే మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి వణుకు, బిగుసుకోవడం, కదలికలు మందగించడం వచ్చే జబ్బు అని తేలింది కూడా ఆ ఏడాదే. కిందటి జూన్‌లో గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరితే, ఆపరేషన్ కంటే ఈ జబ్బు మందులు టైముకి అందకపోవడం వల్లే ఎక్కువ అవస్థ పడ్డాను. అలాంటిది ఇంకొకరికి జరగకూడదని మొదటినుంచీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో చెప్పే మందులు, వేళలు నాకు మా డాక్టరు గారు పెట్టినవి. ఎవరి జబ్బు తీరు వాళ్లది, నావి చూసి ఎవరూ మార్చుకోవద్దు.

మొదలైంది 2019 ఎండాకాలంలో, భుజం నొప్పితో. జడ వేసుకోవడానికి కుడిచెయ్యి వెనక్కి వెళ్లేది కాదు. ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఈ వయసులో ఆడవాళ్లకు మామూలే అన్నారు. సిటింగుకి మూడొందల చొప్పున చాలా నెలలు ఫిజియోథెరపీకి తిరిగాను. నొప్పి తగ్గింది గానీ చెయ్యి మాత్రం నాది కానట్టే ఉండేది. నడుస్తుంటే ఎడమచెయ్యి ఊగేది, కుడిచెయ్యి ఒంటికి అంటుకుపోయి ఉండేది. ఆఫీసులో నా రాత కూడా మారింది. లైను మొదట్లో అక్షరాలు మామూలుగానే ఉండి, చివరికొచ్చేసరికి చీమల బారులా చిన్నవైపోయేవి. పక్క సీటు ఆవిడ "రాను రాను మీ రాత కనిపించడం లేదండీ, కళ్లజోడు మార్పించుకోండి" అంది. మార్పించుకున్నాను కూడా.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఇంకా ముందునుంచే సూచనలున్నాయి. తాలింపులో ఇంగువ వాసన తెలియడం మానేసి ఎన్నాళ్లో అయింది. స్టవ్ మీద పాలు మాడుతున్నా పక్కగదిలోంచి మావారు వచ్చి చెప్పాల్సిందే. నిద్రలో కేకలు పెట్టి చేతులు విసిరేదాన్ని. ఒకసారి ఆయనకి పెదవి చిట్లి రక్తం వచ్చింది. పీడకల అనుకున్నాం. మలబద్ధకం సరేసరి. వీటిలో ఏ ఒక్కదాన్నీ భుజం నొప్పితో కలిపి చూడాలని ఎవరికి తోస్తుంది?

లాక్‌డౌన్ నెలల్లో టీవీ చూస్తూ కూర్చుంటే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు కదలడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే ఆగిపోయేది, ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ మొదలు. నీరసం అన్నారు, బి12 మాత్రలు వేసుకోమన్నారు. చివరికి మా అమ్మాయి వీడియో కాల్‌లో నా మొహం చూసి, "అమ్మా, నువ్వు నవ్వడం లేదేంటి, నామీద కోపమా?" అని అడిగింది. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది.

2021 జనవరిలో కాకినాడలోనే ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. అపాయింట్‌మెంట్‌కి పది రోజులు ఆగాం, ఆ రోజు పొద్దున పదింటికి వెళితే పిలిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పెద్ద పెద్ద టెస్టులు చేస్తారనుకున్నాను. ఆయన నా చేత బొటనవేలికి చూపుడువేలు తాటించారు, గుప్పిట మూయించి తెరిపించారు, కాగితం మీద సుడి గీయించారు, వరండాలో నడిపించారు. తర్వాత వెనక నిలబడి, "లాగుతానమ్మా, పడకుండా నిలదొక్కుకోండి" అని చెప్పి భుజాలు పట్టుకుని వెనక్కి లాగారు. వాసన తెలుస్తోందా, నిద్రలో కేకలేస్తారా అని ఆయనే అడిగారు. నేనూ మావారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఎమ్మారై తీయించాం, ఆరువేల అయిదొందలు. నార్మల్ అని రిపోర్టు వస్తే మావారు స్వీట్లు కూడా కొన్నారు. డాక్టరు గారు మాత్రం, పార్కిన్సన్స్ మామూలు ఎమ్మారైలో కనిపించదనీ, పక్షవాతం, నీరు చేరడం లాంటి వేరే కారణాలు లేవని తెలుసుకోవడానికే అది తీయించాననీ చెప్పారు. రక్తపరీక్షలోనూ తేలదట. రోగిని చూసి, మందు పనిచేస్తుందో లేదో చూసి నిర్ధారించడమే. ఆ రాత్రి మేమిద్దరం అన్నం సరిగా తినలేదు. నాకు చావు భయం కంటే మంచాన పడి ఇంకొకరి చేత చేయించుకోవాల్సి వస్తుందన్న భయమే ఎక్కువ వేసింది.

మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా ఉన్న సిన్‌డోపా 110 సగం మాత్ర చొప్పున మూడుపూటలా మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదటి వారమంతా వికారం, కడుపులో తిప్పడం. దానికి డోమ్‌పెరిడోన్ ఇచ్చారు. మూడో వారం దాటాక ఒకరోజు స్నానం చేసి జాకెట్టు వేసుకుంటుంటే హుక్కులు వాటంతటవే పడుతున్నాయి. అంతకుముందు ఒక్కో హుక్కుకీ చెమటలు పట్టేవి, ఆఖరి రెండూ ఆయన్ని పిలిచి పెట్టించుకునేదాన్ని. అన్నీ పెట్టుకుని అద్దం ముందు నిలబడి ఏడ్చాను. మందు అంత బాగా పనిచేసిందంటే జబ్బు అదేనన్నమాట. ఏడుపు ఆ సంతోషానికో, ఆ నిజానికో నాకే తెలియలేదు.

మనశ్శాంతి కోసం మార్చిలో హైదరాబాద్ నిమ్స్‌లో కూడా చూపించుకున్నాం. అక్కడా అదే మాట. రాసాజిలిన్ మాత్ర ఒకటి కలిపారు. ఊళ్లోకి వచ్చాక సలహాలు మొదలయ్యాయి. మా వదిన దూలగొండి గింజల పొడి డబ్బా తెచ్చిచ్చింది. డాక్టరు గారిని అడిగితే కొట్టిపారేయలేదు. దూలగొండిలోనూ సిన్‌డోపాలో ఉండే లెవోడోపాయే ఉంటుందట, కానీ చెంచా పొడిలో ఎంత ఉందో తెలియదు, రెండూ కలిస్తే డోసు లెక్క తప్పుతుంది అన్నారు. డబ్బా మూత తీయలేదు.

తర్వాత రెండున్నరేళ్లు బాగానే గడిచాయి. ఇంటిపని, గుడి, అమ్మాయి పురుడు అన్నీ చూసుకున్నాను. ఇబ్బంది పెట్టినవి మేం ఊహించనివి. బ్యాంకులో చెక్కు సంతకం కలవడం లేదని తిప్పి పంపారు. పాత సంతకం పెట్టమంటే చెయ్యి రాదు. కొత్త సంతకం, ఫొటో, ఆధార్ ఇచ్చి మార్పించుకునేసరికి వారం పట్టింది. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర మిషను మీద వేలు నిలిచేది కాదు, ఎన్నిసార్లు పెట్టినా ఎర్రలైటే. వెనక క్యూ, ముందు మిషను, ఆ టెన్షన్‌కి వణుకు ఇంకా పెరిగేది. ఇప్పుడు ఫోన్‌లోనే మొహం చూపించి జీవన్ ప్రమాణ్ చేసేస్తున్నాం. ఈ సదుపాయం 2021 నవంబరు నుంచీ ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

2024 మొదట్లో రోజు తీరు మారిపోయింది. ఉదయం ఏడింటి మాత్ర పదకొండు దాకా ఉండాల్సింది, తొమ్మిదిన్నరకే దిగిపోయేది. కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి పాదం మెలితిరిగేది. ఆ నొప్పి మామూలు నొప్పి కాదు. గొంతు లోపలికి పోయేది. తర్వాతి మాత్ర వేసుకున్నాక ముప్పావుగంటకి ఎవరో స్విచ్చి వేసినట్టు మళ్లీ మనిషినయ్యేదాన్ని. డాక్టర్లు వీటిని ఆఫ్, ఆన్ అంటారు, మా ఇంట్లోనూ ఇప్పుడు అవే మాటలు. చూసేవాళ్లకి ఇది అర్థం కాదు. తొమ్మిదింటికి చక్కగా నవ్వుతూ కాఫీ ఇచ్చిన మనిషి పదింటికి కుర్చీలోంచి లేవలేకపోతే, కావాలని చేస్తోందనుకున్నవాళ్లున్నారు. అనుకోవడమే కాదు, పైకి కూడా అన్నారు. ఆ మాటలు మాత్రం నేను మరిచిపోలేదు.

డాక్టరు గారు ఒక నోటుపుస్తకం పెట్టి అరగంటకోసారి ఆఫ్, ఆన్, అదుపులేని కదలికలు అని రాసుకురమ్మన్నారు. ఏం తిన్నదీ కూడా మావారు పక్కన రాశారు. రెండు వారాల పుస్తకం చూస్తే ఒక సంగతి బయటపడింది. పెసరట్టు తిన్న రోజున ఆ తర్వాతి మాత్ర దాదాపు పనిచేయలేదు. ఇడ్లీ తిన్న రోజున కొంత నయం. పప్పులు, పెరుగు, గుడ్డులోని ప్రొటీన్ కూడా లెవోడోపాతో పాటే ఒకే దారిన రక్తంలోకి వెళ్లాలి, మెదడుకి చేరడంలోనూ పోటీపడుతుంది, అందుకని మాత్ర వెనకబడుతుంది అని డాక్టరు గారు చెప్పారు. గోదావరి జిల్లాలో పుట్టి పెసరట్టు మానుకోవడం ఏమంత సులువు కాదు. ఇప్పుడు మాత్ర వేసుకున్న అరగంటకి గానీ ఏమీ తినను. తిన్నాక అయితే గంటా గంటన్నర ఆగి వేసుకుంటాను. పగలు కూర, చారు, అన్నం. పప్పు, పెరుగు రాత్రికి. పెసరట్టు కూడా రాత్రికే. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలట.

డోసు పెంచకుండా ఉన్నదాన్నే చిన్న ముక్కలు చేసి ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు గంటలకి వేశారు, పడుకునేటప్పుడు నెమ్మదిగా కరిగే సిఆర్ మాత్ర ఒకటి. ఫోన్‌లో అయిదు అలారాలు. సినిమాలో ఉన్నా పెళ్లిలో ఉన్నా అది మోగితే మాత్ర వేసుకోవాల్సిందే. పావుగంట అటూఇటూ అయితే సర్దుకుంటుంది గానీ, గంట దాటితే ఆ రోజంతా లెక్క తప్పుతుంది. ప్రామిపెక్సోల్ అనే ఇంకో మందు కలిపినప్పుడు డాక్టరు గారు మావారిని విడిగా పిలిచి, "ఆవిడ ఉన్నట్టుండి విపరీతంగా షాపింగ్ చేసినా, డబ్బు పందేల్లో పెట్టినా నాకు వెంటనే చెప్పండి" అన్నారట. ఆ మందుకి అలాంటి గుణం ఉందట. నాకు అలాంటిదేమీ రాలేదు, పాదాలు వాచాయి, మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చేది, డోసు తగ్గించారు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే బీపీ మాత్ర సగం చేశారు. పార్కిన్సన్స్‌లో నిలబడగానే బీపీ పడిపోవడం ఉంటుందట, పడుకోబెట్టీ నిలబెట్టీ రెండుసార్లు చూస్తే గానీ తెలియదు.

మందులకే నెలకి మూడువేల పైన అవుతోంది. పెన్షన్‌తో పాటు మాకు వచ్చే ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్స్ నెలకి వెయ్యి రూపాయలు. ఇన్‌కంటాక్స్‌లో పాత పద్ధతి ఎంచుకుంటే ఇలాంటి జబ్బుల వైద్యం ఖర్చుకి అరవై దాటినవాళ్లకి లక్ష వరకూ మినహాయింపు ఉంది, న్యూరాలజిస్టు సర్టిఫికెట్ కావాలి, వైకల్యం 40 శాతం అంతకుమించి ఉందని అందులో ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. ఈ సంగతి నాకు చెప్పింది డాక్టరు కాదు, వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఒక రిటైర్డ్ మాస్టారు.

నడకలో కాళ్లు అతుక్కుపోవడం గురించి ఒకటి చెప్పాలి. బాత్రూం తలుపు దగ్గర నా పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోయేవి. పై ఒళ్లు ముందుకి వెళుతుంది, కాళ్లు రావు. రెండుసార్లు పడ్డాను. చిత్రమేమిటంటే వాకిట్లో ముగ్గు గీతలు దాటేటప్పుడు మాత్రం అడుగు సులువుగా లేచేది. ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే, "అదే ఆంటీ మీకు మందు! కంటికి గీత కనిపిస్తే మెదడు వేరే దారిలో కాలిని లేపుతుంది" అంది. మావారు ఆ సాయంత్రమే పసుపు రంగు టేపు కొనుక్కొచ్చి మోకాళ్ల మీద కూర్చుని బాత్రూం దాకా జానెడున్నర దూరంలో అడ్డంగా అతికించారు. గీత దాటుతున్నాననుకుని వేస్తే అడుగు పడుతుంది. టేపు లేని చోట ఆయన తన పాదం నా ముందు అడ్డంగా పెడతారు, దాన్ని దాటుతాను. ఎవరైనా చెయ్యి పట్టి లాగితే మాత్రం పడతాను. దయచేసి లాగొద్దు. గొంతు కోసం రోజూ పెరట్లో నిలబడి పద్యాలు వీలైనంత గట్టిగా చదువుతాను. నాకు అరుస్తున్నట్టే ఉంటుంది, విన్నవాళ్లకి అది మామూలు గొంతే.

ఇక జూన్ సంగతి. గాల్‌బ్లాడర్ వాచింది, వెంటనే తీసేయాలన్నారు. నేను చేరిన ఆసుపత్రి పేరు రాయను. చేరగానే మందులన్నీ నర్సుకి ఇచ్చాం. అక్కడ మందులిచ్చే వేళలు ఎనిమిది, రెండు, ఎనిమిది. "ఆవిడకి మూడు గంటలకోసారి వెయ్యాలమ్మా" అని మావారు చెబితే, "డ్యూటీ డాక్టరు రాస్తేనే ఇస్తాం అంకుల్" అన్నారు. అర్ధరాత్రి నుంచి నోటికేమీ ఇవ్వకూడదన్నారు. పొద్దున్నే అన్న ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగింది. ఆరు, తొమ్మిది, పన్నెండు మాత్రలు మూడూ పోయాయి. ఆపరేషన్ తర్వాత వాంతులైతే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు. రాత్రి మళ్లీ చేశారు.

మర్నాటికి నేను పక్కకి తిరగలేకపోయాను. దవడ బిగుసుకుపోయింది, ఉమ్మి మింగలేను, మాట లేదు. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించాయి. లోపల మాత్రం అన్నీ వినపడుతున్నాయి. మత్తు ప్రభావం, తగ్గిపోతుంది అని మంచం పక్కనే చెప్పుకుంటున్నారు. ఇది మత్తు కాదు, నా మాత్ర ఇవ్వండి అని అరవాలని ఉంది, పెదవి కదలదు. జబ్బు మొదలైనప్పటినుంచీ నేను పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ కొన్ని గంటలు ఒక ఎత్తు.

మావారు మా న్యూరాలజిస్టుకి ఫోన్ చేశారు. ఆయన మొదట అడిగింది, వాంతులకి ఏ ఇంజెక్షన్ ఇచ్చారని. పేరు వినగానే వెంటనే ఆపించమన్నారు. అది మెదడులో డోపమైన్ పనిచేయకుండా అడ్డుపడుతుందట, పార్కిన్సన్స్ వాళ్లకి ఇవ్వకూడదట. ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. బదులుగా ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వమని అక్కడి డాక్టరుతో తనే మాట్లాడారు. లెవోడోపాని ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్రంగా జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చని కూడా చెప్పారు. ముక్కులో గొట్టం వేసి మాత్ర నీళ్లలో కలిపి ఇచ్చారు. రెండో డోసుకి వేళ్లు కదిలాయి. ఆరోజు నుంచీ మాత్రలు మా దగ్గరే పెట్టుకుని వేళకి వేసుకోవడానికి ఒప్పుకున్నారు. పాత స్థితికి రావడానికి ఆగస్టు దాకా పట్టింది.

ఇప్పుడు నా పర్సులో ఒక లామినేషన్ కార్డు ఉంటుంది, ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. మా డాక్టరు గారు చూసి సరిచేసిన మాటలే. మందుల పేర్లు, గంటలు. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, హాలోపెరిడాల్ వద్దు. రాసాజిలిన్ వాడుతున్నాను కాబట్టి నొప్పికి ట్రమడాల్, పెథిడిన్ వద్దు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ వద్దు. మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. పరగడుపున ఉన్నా గుక్కెడు నీళ్లతో సిన్‌డోపా ఇవ్వవచ్చేమో ఆయన్నే అడగాలి. వీలైతే ఆపరేషన్ పొద్దున మొదటిది పెట్టించుకోవాలి. కింద న్యూరాలజిస్టు ఫోన్ నంబరు.

సెప్టెంబరులో హైదరాబాద్ వెళ్లి డిబిఎస్ ఆపరేషన్‌కి (మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీలో పెట్టిన బ్యాటరీతో కరెంటు పంపేది) పనికొస్తానో లేదో పరీక్ష చేయించుకున్నాం. ముందురోజు సాయంత్రం నుంచి మాత్రలు ఆపాలి. తెల్లారేసరికి అబ్బాయి, మావారు నన్ను ఎత్తి కారులో కూర్చోబెట్టారు. అక్కడ ఆ స్థితిలోనే నడిపించి, వేళ్లు తాటించి మార్కులు వేశారు, వీడియో తీశారు. ఆ పూట కష్టమే, ముందే మనసు గట్టి చేసుకుని వెళ్లాలి. తర్వాత రోజువారీ కంటే పెద్ద డోసు ఇచ్చి గంటకి మళ్లీ అవే పరీక్షలు. వరండాలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చాను. అబ్బాయి రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూసి గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు.

మాత్రకి బాగా స్పందిస్తున్నాను కాబట్టి పనికొస్తానన్నారు. మాత్రతో బాగయ్యేవే ఈ ఆపరేషన్‌తోనూ బాగవుతాయి, వణుకుకి మాత్రం అంతకంటే ఎక్కువే ఫలితం ఉండవచ్చు, గొంతు, తూలడం లాంటివాటికి పెద్దగా ఆశపెట్టుకోవద్దు, జబ్బు పోదు అని స్పష్టంగా చెప్పారు. జ్ఞాపకశక్తి పరీక్ష, మానసిక వైద్యుడితో మాట్లాడటం కూడా అయ్యాయి. మాకు చెప్పిన ఖర్చు తొమ్మిది నుంచి పద్నాలుగు లక్షలు. తేడా అంతా ఛాతీలో పెట్టే బ్యాటరీలోనే. మామూలుదైతే కొన్నేళ్లకి మళ్లీ కోసి మార్చాలి, చార్జింగ్ పెట్టుకునేదైతే పదిహేనేళ్ల దాకా వస్తుంది గానీ క్రమం తప్పకుండా చార్జింగ్ పెట్టుకోవాలి. అబ్బాయి చార్జింగ్‌దే తీసుకుందామంటాడు. మావారేమో, తాను ఊళ్లో లేని రోజున నా వణికే చేతులతో ఆ చార్జరు ఛాతీ మీద సరిగ్గా పెట్టుకోగలనా అని ఆలోచిస్తున్నారు. జనవరిలో మళ్లీ వెళ్లాలి. ఈసారి డెమో చార్జరు ఇప్పించి నేను ఆఫ్‌లో ఉన్నప్పుడు నా చేత పెట్టించి చూస్తామన్నారు.